అవ్వ కోసం కొన్న ఫోను

"అవ్వకు ఏది బాగుంటుందో నాకు తెలుసు గదా నాయనా" అంది కార్తిక, కౌంటర్ మీద రెండు మోచేతులూ ఆనించి.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ముదలియార్‌పేట మెయిన్ రోడ్డులో గుణశేఖరన్ సెల్‌ఫోన్ల కొట్టు అది. కార్తిక నాయన ధనపాల్ కరెంటు ఆఫీసులో పని చేస్తాడు. భోజనం వేళలో పర్మిషన్ అడిగి వచ్చాడు. మాటిమాటికీ గోడ గడియారం వంక చూస్తున్నాడు. కార్తిక మాత్రం ఒక్కో ఫోనూ తీసి, తిప్పి తిప్పి చూసి, పక్కన పెడుతోంది. ఆరో తరగతి పిల్లకు ఫోన్ల గురించి ఇన్ని సంగతులు ఎలా తెలుసో ఆ దేవుడికే తెలియాలి.

ఇంతా చేస్తే ఫోను కార్తికకు కాదు. వాళ్ళ అవ్వ వెళ్ళైయమ్మాళ్‌కు.

అవ్వ కొట్టు లోపలికి రాలేదు. ఆమె గంపలోంచి నీళ్ళు కారుతూ ఉంటాయి. మెరిసే టైల్స్ తడిసిపోతాయని మెట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచే ఒకసారి, "బటన్లు ఉండేది చాలు పాపా" అంది. కార్తికకు ఆ మాట వినపడింది. అయినా వినపడనట్టే ఊరుకుంది.

అవ్వది ఆకుకూరల బేరం. తెల్లారి మొదటి బస్సులో ఏంబలం నుంచి తోటకూర, మునగాకు, పొన్నగంటి కట్టలు వస్తాయి. వాటిని గంపలో సర్ది, నీళ్ళు చిలకరించి, నెత్తిన పెట్టుకుని మురుంగపాక్కం దాకా వీధి వీధీ తిరుగుతుంది. ఆమెకు షుగర్ ఉంది. ఆమధ్య ఒకసారి కళ్ళు తిరిగి వీధిలోనే కూలబడింది. పాత ఫోనులో రెండో బటన్ నొక్కి పట్టుకుంటే నాయనకు కాల్ పోతుంది. అలా నొక్కబట్టి సరిపోయింది, నాయన పరుగున వచ్చి తీసుకుపోయాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక షరతు ఉంది. ఫోను వెంట ఉంటేనే గంప నెత్తికెక్కాలి. లేదంటే అవ్వ ఇంట్లో కూర్చోవాలి. ఇంట్లో కూర్చోవడం అవ్వకు చేతకాని పని. "గంప మూలన పడితే నేనూ మూలన పడతా" అంటుంది ఆమె. ఆ పాత ఫోనేమో మొన్న నీళ్ళ బకెట్‌లో పడి చచ్చింది.

గుణశేఖరన్ పెద్ద బటన్ల ఫోను ఒకటి తీసి చూపించాడు. కార్తిక మూతి విరిచింది. అరచెయ్యంత టచ్ ఫోను ఒకటి పట్టుకుని దాని గొప్పలు చెప్పడం మొదలుపెట్టింది. అవ్వకు చదువు రాదు కాబట్టి పేర్ల బదులు ఫోటోలు పెట్టొచ్చంది. అవ్వ ఎక్కడుందో మ్యాప్‌లో తెలుస్తుందంది. కెమెరా బాగుందని, గేములు ఆగకుండా ఆడతాయని మాత్రం పైకి చెప్పలేదు. పగలంతా అవ్వ, సాయంత్రం నేను అని మనసులో అప్పుడే పంపకాలు చేసేసింది.

"సరే, నువ్వు చెప్పిందే వేదం. త్వరగా తెముల్చు తల్లీ" అన్నాడు నాయన విసుగ్గా.

అలా అవ్వకు టచ్ ఫోను వచ్చింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. అయితే ఇక్కడ కోతి అవ్వ కాదు.

ఆ సాయంత్రం కార్తిక ఫోను ముందేసుకుని కూర్చుంది. అవ్వ బొటనవేలు పట్టుకుని వేలిముద్ర పెట్టించబోయింది. ఏళ్ళ తరబడి అరటి నారతో కట్టలు కట్టి, నీళ్ళలో నాని, ఆ వేలు గీతలన్నీ అరిగిపోయాయి. ఎన్నిసార్లు పెట్టినా ఫోను ఒప్పుకోలేదు.

"సరిగ్గా పెట్టవ్వా."

"పెడతానే ఉండా గదా పాపా. అది నన్ను గుర్తుపట్టకపోతే నేనేం చేసేది?"

కార్తికకు ఓపిక పోయింది. ప్రస్తుతానికి ఇది ఉండనీ అని తన వేలిముద్ర పెట్టేసింది. ఆ ప్రస్తుతానికి అన్నది అలాగే ఉండిపోయింది.

తర్వాత మోసే గొడవ మొదలైంది. ఫోను కొన్నంత సులువు కాదు దాన్ని మోయడం, అందులోనూ నెత్తిన గంప ఉన్న మనిషికి.

మొదట కార్తిక ఒక ప్లాస్టిక్ కవరుకు తాడు కట్టి అవ్వ మెడలో వేసింది. ఆఫీసు ఐడీ కార్డులా దర్జాగా ఉందని మురిసిపోయింది. అవ్వ మొదటి ఇంటి ముందు గంప దించడానికి వంగింది. ఫోను ఉయ్యాలలా ఊగి, నీళ్ళు చిలకరించే గిన్నెలో బుడుంగున మునిగింది. కవరు ఉండబట్టి బతికింది.

మరునాడు కార్తిక దాన్ని అవ్వ నడుము దగ్గర చీర కుచ్చిళ్ళ పక్కన దోపింది. ఫోను మరీ పొడుగు. అవ్వ గొంతుక్కూర్చుంటే పై అంచు డొక్కలో పొడుచుకుంది. కింది అంచు తొడకు తగిలింది. పక్కనున్న బటన్ దానంతట అదే పదే పదే నొక్కుకుని, పోలీసు కంట్రోల్ రూముకు కాల్ పోయింది. కాసేపటికి వాళ్ళే తిరిగి ఫోన్ చేశారు. అవ్వ కష్టపడి, కొంగుతో వేలు తుడుచుకుని, ఎలాగో ఫోను ఎత్తింది. ఏమమ్మా, ఆపదలో ఉన్నారా అని అవతలి గొంతు అడిగితే, తోటకూర ఉండాది, మునగాకు ఉండాది, ఏది కావాల అని అడిగిందట. ఆ సంగతి చెప్పి అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కార్తికకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత అమ్మ వాడి వదిలేసిన హ్యాండ్‌బ్యాగ్ తెచ్చి అవ్వ భుజానికి తగిలించింది కార్తిక. గంప పట్టుకోవడానికి చెయ్యి ఎత్తితే బ్యాగు జారి మోచేతి దగ్గర వేలాడింది. మెట్లెక్కేటప్పుడు మోకాలికి కొట్టుకుంది. అవ్వ నాలుగిళ్ళు తిరిగి వెనక్కి వచ్చేసింది.

"ఒక్క ఫోను మోయలేవా అవ్వా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని కార్తిక నెత్తి కొట్టుకుంది.

"గంప మోసేదానికి ఫోను ఒక బరువా పాపా? పెట్టేదానికే చోటు లేదు."

"చోటు ఉంది. నీకే మనసు లేదు."

మరుసటి రోజు నుంచి ఫోను గురించి గొడవే లేదు. బాగుందా అంటే బాగుంది అనేది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కదా కార్తిక, చూశావా నే చెప్పలేదా అని అమ్మ దగ్గర గొప్పలు పోయింది. సాయంత్రం బడి నుంచి రాగానే ఫోను టేబుల్ మీద సిద్ధంగా ఉండేది, ఒక్క నీటి చుక్క లేకుండా, ఒక్క ఆకు మరక లేకుండా. పగలంతా ఆకుకూరల గంపతో తిరిగిన ఫోను అంత శుభ్రంగా ఎలా ఉంటుందని కార్తిక ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గేము తెరవడానికి బొటనవేలు పెట్టడమే ఆమెకు తెలుసు.

నాయన మధ్యాహ్నం ఫోన్ చేస్తే అవ్వ ఎత్తేది కాదు. అడిగితే, బస్సుల మోతలో వినపడలేదనేది. నాయన గొణుక్కుని ఊరుకునేవాడు.

బడికి సెలవున్న ఒక రోజు మధ్యాహ్నం కార్తిక ఇంట్లో టీవీ పెట్టుకుని బొమ్మలకు రంగులు వేస్తోంది. అమ్మ ఆస్పత్రి క్యాంటీన్‌లో డ్యూటీలో ఉంది. హఠాత్తుగా నాయన బండి ఆగిన చప్పుడు. హెల్మెట్ కూడా తియ్యకుండా లోపలికి వచ్చాడు.

"అవ్వ యాడ?"

కార్తిక తల ఎత్తి గడియారం చూసింది. అవ్వ ఎప్పుడో రావలసింది. రాలేదన్న సంగతే ఆమెకు తట్టలేదు.

పొద్దుట్నుంచీ చేస్తా ఉండా, ఎత్తనే ఎత్తదు అంటూ నాయన టీవీ కట్టేసి మళ్ళీ ఫోన్ చేశాడు. ఎక్కడో పాట మోగింది. సన్నగా, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాట వంటింట్లోంచి వస్తోంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, బియ్యం డ్రమ్ములోంచి వస్తోంది.

నాయన మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. గుడ్డలో చుట్టిన ఫోను బయటికి వచ్చింది. దాని మీది నుంచి బియ్యం గింజలు జలజలా రాలాయి. ఇంట్లో విలువైనది ఏదొచ్చినా అవ్వ దాచే చోటు అదే, కమ్మలైనా, చీటీ డబ్బులైనా.

అవ్వ పొద్దున ఎవరితోనైనా మాట్లాడిందేమో చూద్దామని నాయన ఫోను తెరవబోయాడు. తెరుచుకోలేదు. "దీన్నెట్లా తెరిచేది?" అన్నాడు. కార్తిక అలవాటు కొద్దీ బొటనవేలు పెట్టింది. వెంటనే తెరుచుకుంది.

తెర మీద కార్తిక నాలుక బయటపెట్టిన ఫోటో ఉంది. దాని కింద వరసగా గేములు. అవ్వ ఫోటో ఒక్కటీ లేదు. నాయన ఫోటో కూడా లేదు.

నాయన ఆ తెరనూ, కార్తిక వేలునూ చూశాడు.

"ఇది ఎవురి ఫోను?" అని అడిగాడు.

కార్తిక నోరు తెరిచేలోపే వాకిట్లో ఆటో ఆగింది. పక్కవీధి ఏలుమలై మామ అవ్వను చెయ్యి పట్టుకుని దింపుతున్నాడు. అవ్వ ముఖం పాలిపోయి ఉంది. చీరంతా మట్టి.

మురుంగపాక్కంలో కళ్ళు తిరిగి, మూసి ఉన్న కొట్టు మెట్టు మీద కూలబడిందట. చుట్టూ మూగినవాళ్ళు చక్కెర నీళ్ళు తాగించారు. ఇంటి ఫోను నంబరు చెప్పమని అడిగారు. అవ్వకు ఏ నంబరూ తెలియదు. ఆమె రెండో బటన్, రెండో బటన్ అని మాత్రం చెబుతూ ఉందట. ఏ ఫోనులో రెండో బటనో వాళ్ళకు అర్థం కాలేదు. అటుగా పోతున్న ఏలుమలై మామ గుర్తుపట్టకపోతే ఎంతసేపు అక్కడే ఉండేదో.

నాయన మామకు నమస్కారం పెట్టి పంపించాడు. అవ్వను మంచం మీద కూర్చోబెట్టాడు. అప్పటిదాకా బిగబట్టుకున్న భయమంతా కోపమై బయటికి వచ్చింది.

"ఇంక చాలమ్మా. నీతో నావల్ల కాదు. రేపట్నించి గంప లేదు, వీధి లేదు. ఇంట్లో ఉండు."

ఏ మాటకైనా ఎదురు మాట ఉండే మనిషి అవ్వ. ఆ రోజు ఒక్క మాట అనలేదు. ఫోను నాకు వద్దని చెప్పాననలేదు. మనవరాలు కొనిపించిందనలేదు. నెమ్మదిగా లేచి కుళాయి దగ్గరికి పోయింది. గంప కడిగి గోడకు బోర్లించింది. తిరిగి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది.

బోర్లించిన గంపను చూస్తే కార్తికకు ఏడుపు వచ్చింది. అవ్వ మీద ఇన్నాళ్ళూ విసుక్కున్న మాటలన్నీ గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నాయనా" అంది. "అది నా ఫోను. అవ్వకని చెప్పి నాకు కొనిపించుకున్నా. అవ్వ బటన్ల ఫోను చాలని చెప్పింది. నాకు వినపడింది."

నాయన హెల్మెట్ తీసి కింద పెట్టి, అవ్వ మంచం చివర కూర్చున్నాడు.

సాయంత్రం అమ్మ వచ్చాక ముగ్గురికీ కలిపి తలంటింది. అబద్ధమాడినందుకు కార్తికను, కొట్టు మెట్టు దగ్గర నిలబడ్డ తల్లిని ఒక్క మాట అడగకుండా ఫోను కొన్నందుకు నాయనను, డ్రమ్ములో దాచి అందరినీ నమ్మించినందుకు అవ్వను తిట్టింది. ఒక ఫోను కొనడానికి ఇంత రాద్ధాంతమా, మీతో నా తల ప్రాణం తోకకొస్తోంది అంది. చివరికి నాయన దిగివచ్చాడు. అవ్వకు నప్పే ఫోను, దాన్ని పెట్టుకునే చోటు, రెండూ కుదిరితేనే గంప సంగతి చూద్దామన్నాడు. టచ్ ఫోను తాను తీసుకున్నాడు. కార్తిక ఫోటో పోయి అక్కడ మురుగన్ స్వామి బొమ్మ వచ్చింది.

రెండు రోజులకు అవ్వ కోలుకున్నాక అందరూ గుణశేఖరన్ కొట్టుకు పోయారు. ఫోను తడి చేతికి ఎలా పలుకుతుందో చూడాలని అవ్వ తడిపి తెచ్చిన గంపను తానే లోపలికి మోసుకొచ్చి, ఒక మూల గోనె పట్టా పరిచి దాని మీద పెట్టింది కార్తిక. గుణశేఖరన్ మామూలుగా ఫోన్లన్నీ తెచ్చి కార్తిక ముందు పరిచాడు.

కార్తిక రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "అవ్వనడగండి అన్నా" అంది.

అవ్వ ఏమాత్రం తొందరపడలేదు. గంపలో చెయ్యి తడుపుకుని ఒక్కో ఫోను బటన్లూ నొక్కి చూసింది. కళ్ళు మూసుకుని నొక్కి చూసింది. మోగించమని చెప్పి, ఫోను పట్టుకుని వీధిలోకి పోయి బస్సు పక్కన నిలబడి విని వచ్చింది. మళ్ళీ పోయింది. నాయన గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. ఎర్ర రంగు ఫోను ఒకటి ముద్దుగా ఉందన్న మాట కార్తిక నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకుంది. అవ్వ చివరికి నల్లగా, లావుగా, ఇటుక ముక్కలా ఉన్నదాన్ని ఎంచుకుని, రెండో బటన్‌కు నాయన నంబరు పెట్టించుకుంది. దాని మోత విని పక్క కొట్టువాడు బయటికి వచ్చి చూశాడు.

ఇక పెట్టుకునే చోటు మిగిలింది. ఆదివారం పొద్దున, చోటు తేల్చుకోవడానికని గంప ఎత్తుకున్న అవ్వ వెంట కార్తిక నడిచింది. నాయన బండి నెట్టుకుంటూ దూరంగా వెనక వచ్చాడు. కార్తిక ఈసారి సలహా ఒక్కటీ ఇవ్వలేదు, ఊరికే చూసింది. నెత్తిన గంప ఉన్నప్పుడు అవ్వ ఎడమ చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. కుడి చెయ్యి ఖాళీ. వంగినప్పుడు మెడలో ఉన్నది ఊగుతుంది, కూర్చున్నప్పుడు నడుము మడత పడుతుంది. ఎండకూ తడికీ అవ్వ చీర మీద నాయన పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా ఒకటి తొడుక్కుంటుంది, గంప మోసే ఆడవాళ్ళంతా వేసుకున్నట్టే. దాని పై జేబులో ఏది పెట్టినా వంగితే కింద పడుతుంది. ఇన్నాళ్ళూ అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. కార్తికే చూడలేదు.

ఇంటికి వచ్చాక అడిగింది. "యాడ పెట్టుకుంటే నీకు బాగుంటుంది అవ్వా?"

అవ్వ ఆశ్చర్యంగా చూసింది. ఆ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు. చొక్కా కుడి పక్క, లోపలి వైపు, డొక్కకు కాస్త కిందుగా చెయ్యి పెట్టి చూపించింది.

"ఈడ. చెయ్యి దించితే తగలాల. చూడకుండానే దొరకాల."

కార్తిక సూదీ దారం తీసుకుని కూర్చుంది. పాత లుంగీ గుడ్డతో జేబు కుట్టింది. ఫోను జారకుండా పైన మూత పెట్టి గుండీ కూడా కుట్టింది. కుట్లు వంకరటింకరగా వచ్చాయి. సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో లెక్కలేదు. అవ్వ వేసుకుని, వంగి, కూర్చుని, లేచి చూసింది.

"ఇంకొంచెం కిందికి రావాల పాపా."

కార్తిక విప్పి మళ్ళీ కుట్టింది. అవ్వ మళ్ళీ వంగి చూసింది. గుండీ గట్టిగా ఉంది, తడి చేత్తో రాదంది. కార్తిక అదీ విప్పింది. ఇంతకుముందైతే చొక్కా విసిరికొట్టి లేచిపోయేది. ఇప్పుడు లోపల విసుగు లేదని కాదు, ఉంది. దాన్ని దిగమింగి దారం మళ్ళీ సూదిలోకి ఎక్కించింది.

సోమవారం అవ్వ గంపను కార్తికే నెత్తికెత్తింది. మధ్యాహ్నం నాయన ఆఫీసు నుంచి భయం భయంగా ఫోన్ చేశాడు. రెండో మోతకే అవ్వ ఎత్తి, నెత్తిన గంప ఉండాది, ఏం ముంచుకొచ్చింది నీకు అని కసిరి పెట్టేసిందట. నాయన ఆ తిట్లు అందరికీ చెప్పుకుని సంబరపడ్డాడు.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. ఆ ఆదివారం నాయన కాస్త నడుం వాల్చాడో లేదో, ఫోను మోగింది. అవ్వే. తోటకూర అయిపోయిందని చెప్పింది. కాసేపటికి మళ్ళీ మోగింది. మునగాకు మిగిలిపోయేలా ఉందట. ఇంకో వీధి తిరగగానే మళ్ళీ మోగింది. నాయన దిండు చెవుల మీద వేసుకుని, ఎవురన్నా దాన్ని తీసుకుపోండి, అప్పుడు ఎత్తదు, ఇప్పుడు వదలదు అని మూలిగాడు. ఎత్తొద్దులే, మోగి మోగి అదే ఊరుకుంటుంది అంది అమ్మ వంటింట్లోంచి.

కార్తిక రంగు పెన్సిల్ పక్కన పెట్టి, నాయన దిండు పక్కనుంచి ఫోను తీసుకుంది.

"చెప్పవ్వా."

"ఎవురు, పాపనా? ఏమీ లేదు. ఊరికే చేసినా."

అవతల బస్సు హారన్లు. ఎవరో కట్ట ఎంత అని అడుగుతున్నారు. అవ్వ బేరం చెబుతోంది. ఫోను పెట్టెయ్యడం మరిచిపోయింది. కార్తిక పెట్టెయ్యలేదు. గోడకు చేరగిలబడి, ఆ బేరం తెగేదాకా వింటూ కూర్చుంది.